పక్షం లేదట ఆ సినిమాకి!

‘డెడ్ మ్యాన్ వాకింగ్’ గురించి ముప్పై ఏళ్లుగా ఒకటే మెచ్చుకోలు. మరణశిక్ష మీద తీసిన సినిమానే గానీ ఎవరి పక్షమూ వహించదట. హంతకుడి గోడూ వినిపిస్తుందట, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల గోడూ వినిపిస్తుందట, ఆఖరికి తీర్పు చెప్పే పని మనకే వదిలేస్తుందట. 1995 డిసెంబరు చివర్లో అమెరికాలో విడుదలైనప్పుడు సమీక్షకులు ఎత్తుకున్న ఈ పల్లవిని తర్వాత రాసినవాళ్లలో చాలామంది మార్చలేదు. నిష్పాక్షికం, సమతూకం, సంయమనం అనే మూడు మాటల చుట్టూ తిరగని సమీక్ష అరుదు. పొగడ్తే కదా, పోనిద్దురూ అనొచ్చు. కానీ ఒక సినిమా నోరు నొక్కడానికి దాన్ని తిట్టక్కర్లేదు. అది అన్న మాటని అటు సగం ఇటు సగం పంచేస్తే చాలు.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి పేదల మధ్య ఉంటూ పనిచేసే కేథలిక్ సిస్టర్ హెలెన్ ప్రేజాన్‌కి, మరణశిక్ష పడ్డ ఖైదీ ఒకడు ఉత్తరం రాస్తాడు. ఆవిడ జవాబు రాస్తుంది, అంగోలా జైలుకి వెళ్లి కలుస్తుంది, చివరి రోజుల్లో అతనికి ఆధ్యాత్మికంగా తోడుండే బాధ్యత నెత్తికెత్తుకుంటుంది. అతని పేరు మాథ్యూ పాన్సిలెట్. అడవిలో ఒక ప్రేమజంటని పట్టుకుని, అమ్మాయిని చెరిచి, ఇద్దర్నీ చంపిన కేసు. కూడా ఉన్నవాడికి యావజ్జీవం పడింది, ఇతనికి చావు. చంపింది వాడే, నేను కాదు అని ఇతని వాదన. సిస్టర్‌గా వేసిన సుసాన్ సరాండన్‌కి ఆస్కార్ వచ్చింది, ఖైదీగా వేసిన షాన్ పెన్‌కి బెర్లిన్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. రాసి, తీసినవాడు టిమ్ రాబిన్స్. ఆధారం ప్రేజాన్ తన అనుభవాలతో రాసి 1993లో అచ్చువేసిన పుస్తకం.

ఇప్పుడు ఆ సమతూకం ఎక్కడుందో వెతుకుదాం. రెండు గంటలూ మనం ఎవరి పక్కన నడుస్తాం? సిస్టర్ పక్కన. ఆవిడ తలుపు తట్టిన ఇళ్లలోకే మనమూ వెళ్తాం, ఆవిడని గెంటేసినప్పుడు మనమూ వీధిలో పడతాం. ప్రభుత్వం ఒక మనిషిని ఎందుకు చంపాలో నిదానంగా, తెలివిగా, గుండెకి తగిలేలా వాదించే పాత్రని ఒక్కదాన్ని చూపించండి. క్షమాభిక్ష బోర్డు ముందు ప్రభుత్వ వకీలు మాట్లాడతాడు, అంతే, మళ్లీ గుర్తుండడు. అదే బోర్డు ముందు ఖైదీ తరఫు లాయరు హిల్టన్ బార్బర్‌కి రాబిన్స్ ఏం రాసిచ్చాడో చూడండి. డబ్బున్నవాడు మరణశిక్ష గదిలో ఎందుకు కనిపించడో ఆయన చెబుతాడు. విషపు సూది ఎలా పనిచేస్తుందో చెబుతాడు: ఒక మందు మనిషిని మత్తులోకి దించుతుంది, ఇంకోటి ఊపిరితిత్తుల్ని ఆపుతుంది, మరోటి గుండెని ఆపుతుంది, ఇంత జరుగుతున్నా మొహంలో కండరం కదలదు. ఆ ప్రశాంతత చచ్చేవాడి కోసం ఏర్పాటు చేసింది కాదు, అద్దం అవతల కూర్చుని చూసేవాళ్ల కోసం. ఇంత వాదన ఒక పక్షానికి ఇచ్చి, రెండో పక్షానికి నాలుగు అరిగిపోయిన వాక్యాలు ఇచ్చిన రచయితని మధ్యస్థుడు అనడానికి చాలా మంచితనం కావాలి.

నిష్పాక్షికతకి సాక్ష్యంగా సమీక్షకులు ఎత్తిచూపే మొదటి విషయం, రాబిన్స్ తన ఖైదీని నిజంగానే దోషిగా చూపించడం. ప్రేజాన్ పుస్తకంలో ఉన్నది ఒక్క ఖైదీ కాదు, ఇద్దరు: ఎల్మో పాట్రిక్ సోనియే, రాబర్ట్ లీ విల్లీ. ఇద్దర్నీ 1984లోనే లూసియానా ప్రభుత్వం విద్యుత్ కుర్చీలో చంపింది, ఒకర్ని ఏప్రిల్లో, ఒకర్ని డిసెంబరులో. రాబిన్స్ ఇద్దర్నీ కలిపి పాన్సిలెట్‌ని చేశాడు. సోనియే కేసులో తుపాకీ పేల్చింది తానేనని అతని తమ్ముడు చెప్పాడు, ఆ తమ్ముడికి చివరికి మిగిలింది యావజ్జీవమే. కన్నీళ్లు పిండుకోవాలనుకునే దర్శకుడికి ఇంతకన్నా ఏం కావాలి? అన్న చావుకి తమ్ముడు సాక్షి, తప్పు మనిషికి శిక్ష, హాల్లో ఒక్క కన్నూ పొడిగా ఉండదు. రాబిన్స్ ఆ దారి మూసేసుకున్నాడు. తన ఖైదీని హంతకుణ్ని చేశాడు, మానభంగం చేసినవాణ్ని చేశాడు, టీవీ కెమెరా ముందు హిట్లర్‌ని మెచ్చుకునే జాత్యహంకారిని చేశాడు, చివరి గంట దాకా అబద్ధాలకోరుని చేశాడు. దాంతోపాటు విద్యుత్ కుర్చీ తీసేసి సూది పెట్టాడు. లూసియానా 1991లోనే సూదికి మారింది. కుర్చీ ఉంచితే ప్రేక్షకుడికి తప్పించుకునే సందు దొరికేది: అబ్బే, ఆ కుర్చీ పాతకాలపు ఘోరం, ఇప్పుడంతా శుభ్రంగా, ఆసుపత్రిలో లాగా జరుగుతోందిగా అని.

ఇవి సమతూకం కోసం చేసిన పనులా? నిర్దోషిని చంపకూడదని చెప్పడానికి సినిమా ఎందుకు, తలారి కూడా ఒప్పుకుంటాడు. వీడు దోషే, వీడంటే నాకూ అసహ్యమే, అయినా వీణ్ని చంపకూడదు అని చెప్పడమే కష్టం. తన వాదనకి దొరికే తేలిక ఆసరాలన్నీ తనే తీసిపారేసి, మిగిలిన దాని మీద నిలబడడం ఒక పక్షానికి గట్టిగా కట్టుబడ్డవాడు చేసే పని. మధ్యలో నిలబడ్డవాడికి ఆ అవసరమే రాదు.

మరి అంత స్పష్టంగా కనిపిస్తున్నది విమర్శకులకి ఎందుకు కనబడలేదు? వాళ్లు తెలివితక్కువవాళ్లని నేను అనను. ఆ రోజుల గాలి అలాంటిది. 1994లో గాలప్ సర్వేలో అమెరికన్లు నూటికి 80 మంది హంతకులకి మరణశిక్ష ఉండాలన్నారు. ఆ సంస్థ లెక్కల్లో అదే శిఖరం. 1992లో అధ్యక్ష ఎన్నికల ప్రచారం మధ్యలో బిల్ క్లింటన్ పని మానుకుని ఆర్కాన్సాకి తిరిగి వెళ్లాడు, మెదడు దెబ్బతిన్న ఒక ఖైదీకి మరణశిక్ష అమలవుతున్నప్పుడు గవర్నరుగా అక్కడ ఉండాలని. సరాండన్ ఆస్కార్ అందుకుంది 1996 మార్చి 25న. సరిగ్గా ముప్పై రోజులకి, ఏప్రిల్ 24న, అదే క్లింటన్ మరణశిక్ష ఖైదీలు ఫెడరల్ కోర్టుల తలుపు తట్టే దారిని ఇరుకు చేస్తూ చట్టం మీద సంతకం పెట్టాడు. 1995లో ఆ దేశంలో 56 మందిని చంపారు, 1999కి ఆ సంఖ్య 98కి చేరింది. అలాంటి దేశంలో ఒక సినిమాని నలుగురూ చూడాలంటే, ఫర్వాలేదండీ, మిమ్మల్నేం మారమని అడగదు అని చెప్పి లోపలికి పంపాలి. సమతూకం అన్న మాట ఆ పని చేసిపెట్టింది. సినిమా మీద ఇష్టంతోనే చాలామంది ఆ మాట వాడి ఉంటారు, కాదనను. కానీ టికెట్టు అమ్మడానికి వాడిన మాటని ముప్పై ఏళ్ల తర్వాత కూడా విశ్లేషణ అని అప్పజెబుతుంటే చిరాకేస్తుంది.

అసలు పొరపాటు ఇంకా లోతుగా ఉంది, అది ఆ తల్లిదండ్రుల దగ్గర ఉంది. సినిమా రెండు వైపులా చూపిస్తుంది అన్నప్పుడు రెండో వైపుగా వీళ్లు లెక్కేసేది ఎవర్ని? అబ్బాయి తండ్రి ఎర్ల్ డెలక్రాని. అమ్మాయి తల్లిదండ్రులు పెర్సీ దంపతుల్ని. నిజమే, వాళ్ల ఇళ్లలో తీసిన దృశ్యాలు ఈ సినిమాలో అన్నిటికన్నా బలమైనవి. క్షమాభిక్ష విచారణ రోజున డెలక్రా సిస్టర్‌ని నిలదీస్తాడు: ఇన్నాళ్లూ వాడి దగ్గరికి వెళ్లావు, మా గడప ఒక్కసారైనా తొక్కావా అని. ఆవిడ దగ్గర జవాబు ఉండదు, తర్వాత వాళ్ల ఇళ్లకి వెళ్తుంది. పెర్సీలు ఆవిడని కూర్చోబెట్టి కూతురి గురించి చెబుతారు. శవాన్ని పళ్లని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చిన బంధువు, అంతదాకా మరణశిక్షని వ్యతిరేకించినవాడు, ఆ రోజుతో ఎలా మారిపోయాడో చెబుతారు. ఇంతా చెప్పాక తేలుతుంది, ఆవిడ మనసు మార్చుకుని తమ వైపు వచ్చేసిందనుకుని వీళ్లు ఇంత చెప్పారని. అప్పుడు గెంటేస్తారు. వాడితో స్నేహం చేస్తూ మాతో కూడా స్నేహం చేస్తానంటే కుదరదు, ఎటో ఒకటి తేల్చుకోమంటారు.

విమర్శకులు ఇక్కడే పెర్సీ మాట నమ్మేశారు. ఎటో ఒకటి తేల్చుకోవాలి, రాబిన్స్ తేల్చుకోలేదు, కాబట్టి రాబిన్స్ నిష్పాక్షికుడు. సినిమా మొత్తం ఆ లెక్కే తప్పని చెబుతుంటే! బిడ్డ పోయిన తండ్రి దుఃఖం మరణశిక్షకి అనుకూల వాదన ఎప్పుడైంది? ఆ దుఃఖం ఆయనది. శిక్ష ప్రభుత్వానిది. ఆయన ఏడుపుని ప్రభుత్వం తన వకాల్తాగా వాడుకుంటుంది, ఆయన కన్నీళ్లు ఎంత నిజమైనవైతే దాని కేసు అంత గట్టిపడుతుందని లెక్కేసుకుంటుంది. ఆ దుఃఖానికి పూర్తి చోటిచ్చి, ప్రభుత్వానికి మాత్రం చోటివ్వకుండా రాబిన్స్ ఈ రెండిటినీ విడదీశాడు. విమర్శకులు మళ్లీ తెచ్చి అతికించారు. తల్లిదండ్రుల దృశ్యాల్ని రెండో పక్షం పద్దులో రాసేసిన ప్రతి సమీక్షా, తెలిసో తెలియకో, ప్రాసిక్యూటర్ పని చేసిపెట్టింది.

ఈ అతుకు తెలుగువాళ్లకి కొత్తదేం కాదు. 1993లో చిలకలూరిపేట దగ్గర దోపిడీకని బస్సెక్కిన ఇద్దరు దళిత యువకులు బస్సుకి నిప్పు పెట్టారు, 23 మంది కాలిపోయారు. గుంటూరు కోర్టు ఆ ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది 1995లోనే, ఈ సినిమా వచ్చిన ఏడే. దాన్ని ఆపాలని తిరిగిన పౌరహక్కుల వాళ్లని జనం ఏమడిగారు? కాలిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లారా, మీరెవరి వైపు అని. పెర్సీ అడిగిన ప్రశ్నే. చివరికి 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షని యావజ్జీవంగా మార్చారు. అందువల్ల ఆ 23 మంది చావు ఒక్క పిసరైనా చిన్నదైందా? 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక అమ్మాయిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే పూలు చల్లాం, మిఠాయిలు పంచుకున్నాం. అంతా ఆ అమ్మాయి కుటుంబం పేరు మీదే. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లనీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చేసరికి పూలు చల్లిన చేతులు వేరే పనుల్లో పడ్డాయి.

ఇక చివరి ఘట్టం. సమతూకం వాదులందరూ ఆఖర్న చేరేది ఇక్కడికే. పాన్సిలెట్‌ని బల్లకి కట్టేశారు, మందులు ఒకటొకటిగా లోపలికి దిగుతున్నాయి, మధ్యమధ్యలో ఆ రాత్రి అడవిలో జరిగిన హత్యలు కనిపిస్తుంటాయి, మొదటిసారి ఏ అబద్ధమూ లేకుండా. చూశారా, జాలి ఎక్కువైపోతుందేమోనని దర్శకుడు నేరాన్ని గుర్తుచేసి త్రాసు సరిచేశాడు అంటారు. ఆ దృశ్యాన్ని ఇంకోసారి చూడమని నా మనవి. అడవిలో పడి ఉన్న శరీరాల్నీ, బల్ల మీద శరీరాన్నీ ఒకే ఎత్తు నుంచి, పైనుంచి, చూపిస్తాడు. ఒక చావుకి ఇంకో చావుని విరుగుడుగా చూపించడం లేదు, రెండిటినీ ఒకే వరసలో పెడుతున్నాడు. చంపడం తప్పు, నేను చేసినా మీరు చేసినా మీ ప్రభుత్వం చేసినా తప్పే అని అంతకు నిమిషం ముందే పాన్సిలెట్ చేత చెప్పించాడు. మాటలో అన్నది ఎడిటింగ్‌లో చూపించాడు. 1988లో పోలండ్‌లో క్రిష్టాఫ్ కీష్లోవ్‌స్కీ ‘ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ కిల్లింగ్’లో ఒక టాక్సీ డ్రైవర్ హత్యనీ, ఆ హంతకుడి ఉరినీ రెండిటినీ భరించలేనంత సేపు చూపించాడు. దాన్ని నిష్పాక్షికం అంటే నవ్వుతారు. రాబిన్స్ అదే పని చేస్తే హాలీవుడ్ వాడు కాబట్టి సమతూకం అయింది.

ఆ హత్యల్ని అక్కడే, జాలి పైకొచ్చిన ఆ క్షణంలోనే చూపించడానికి ఇంకో కారణం ఉంది. చనిపోయిన పిల్లల్ని మర్చిపోతే తప్ప నిలబడని ఉరివ్యతిరేకత రాబిన్స్‌కి అక్కర్లేదు. వాళ్లని కళ్ల ముందు పెట్టుకుని కూడా ఈ సూది వద్దు అనగలవా అని అడుగుతున్నాడు. సానుభూతిపరులకి ఇది ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలి కూడా.

సమతూకం వాదులతో పోలిస్తే నేను గౌరవించే అభ్యంతరం ఒకటుంది, అది అవతలి పక్షం నుంచి వస్తుంది. పాన్సిలెట్ నిజం ఒప్పుకున్నది చావుకి గంట ముందు. చావు ముంచుకు రాకపోతే ఒప్పుకునేవాడా? జైల్లో ముసలివాడయ్యేదాకా అదే అబద్ధం నమిలేవాడు. అంటే మరణశిక్షే అతని ఆత్మని కాపాడింది, సినిమా తను వద్దంటున్న శిక్షకే తెలియకుండా మంచి పేరు తెచ్చిపెట్టింది. గట్టి వాదనే ఇది. నవ్వి తోసేస్తే కుదరదు.

కానీ సినిమాలో అదే రోజు ఏం జరిగిందో చూడండి. తను చంపలేదని నిరూపించుకోవడానికి పాన్సిలెట్ లై డిటెక్టర్ పరీక్ష అడుగుతాడు. పరీక్ష చేస్తారు. ఏమీ తేలదు. యంత్రానికి దొరికింది ఒత్తిడి ఒక్కటే. చావబోయే మనిషిలో ఇంకేం దొరుకుతుంది? చావు గడియారం అతని నుంచి నిజం రాబట్టలేకపోయిందని రాబిన్స్ అంత వివరంగా చూపిస్తే, రాబట్టింది ఆ గడియారమే అని వాదించడం ఎలా? నిజం బయటికొచ్చింది సిస్టర్ అడిగినప్పుడు. నెలల తరబడి వచ్చి, అతను విసిరిన బూతునీ, వెకిలితనాన్నీ, ఏసు నా పాపాలు కడిగేశాడులే అన్న బేరాన్నీ ఏ ఒక్కదాన్నీ ఒప్పుకోకుండా, ఉన్నచోటి నుంచి కదలకుండా కూర్చున్న మనిషి అడిగినప్పుడు. ఏసు నీ బదులు చచ్చిపోయాడు కాబట్టి నువ్వు ఊరికే చూస్తూ కూర్చోవచ్చనుకోకు, నీ వంతు నువ్వు చెయ్యాలి అని ఆవిడ ఎప్పుడో చెప్పేసింది. అతని అబద్ధానికి ఎరువు వేసింది కూడా ఆ శిక్షే. చంపేస్తామంటుంటే చంపింది నేనే అని చెప్పుకునేవాడు ఎవడుంటాడు? అన్నిటికన్నా ముఖ్యం, ఒప్పుకున్న గంటకి ప్రభుత్వం ఎవర్ని చంపింది? శిక్ష వేసింది బుకాయించే హంతకుడికి. చంపింది ఆ అబ్బాయిని నేనే చంపాను, ఇద్దరి చావులకీ బాధ్యత నాదే అని ఏడ్చిన మనిషిని. మారుమనస్సు పొందినవాణ్ని చంపడంలో ఎవరికైనా శిక్షకి మంచి పేరు కనిపిస్తే, వాళ్లతో నాకు వాదన లేదు.

ఈ అభ్యంతరం అసలు పుట్టడానికి కారణం, విశ్వాసం అనగానే విమర్శకుల చేతికి ఒకటే పెట్టె దొరుకుతుంది: కృప, కన్నీళ్లు, పాపసంకీర్తనం, రక్షణ. సినిమా భక్తిలోకి జారిపోయిందని కొందరు విసుక్కున్నారు. బల్లని నిలబెట్టి చేతులు చాచి కట్టేస్తే శిలువ గుర్తొస్తోందనీ, అతి అయిందనీ అన్నారు. శిలువ సంగతి ఒప్పుకుంటాను, నాకూ కాస్త ఎక్కువే అనిపించింది. కానీ ఈ సినిమాలో విశ్వాసానికి ఎదురు నిలబడింది చట్టమో నాస్తికత్వమో కాదు. విశ్వాసానికి విశ్వాసమే ఎదురు. జైలు చాప్లెయిన్ ఫాదర్ ఫార్లీ విశ్వాసే. ఖైదీకి చావకముందు సంస్కారాలు అందిస్తే పని పూర్తయినట్టని ఆయన నమ్మకం. (ఆ పాత్ర వేసిన స్కాట్ విల్సన్ 1967లో ‘ఇన్ కోల్డ్ బ్లడ్’లో ఉరికంబమెక్కిన హంతకుడిగా వేశాడు. ఆ కుర్రాడే ఇప్పుడు ఫాదర్ కాలరు పెట్టుకుని ఇంకో హంతకుణ్ని సాగనంపుతున్నాడు. ఈ ఎంపిక కాకతాళీయమో కాదో గానీ నాకు భలే నచ్చింది.) జైలు కాపలాదారూ విశ్వాసే. కంటికి కన్ను అంటాడు. అదే బైబిల్ ఇంకా ఏయే తప్పులకి చావమందో సిస్టర్ వల్లిస్తే, వాక్యంలో సిస్టర్‌తో నెగ్గలేను బాబూ అన్నట్టు తప్పుకుంటాడు. కేథలిక్ చర్చి కూడా అప్పటికి పూర్తిగా ఆవిడ వెంట లేదు. రెండో జాన్ పాల్ పోపు 1995 మార్చిలో మరణశిక్ష అవసరమయ్యే సందర్భాలు దాదాపు లేనట్టేనన్నారు గానీ, తలుపు పూర్తిగా మూయలేదు. మూసింది ఫ్రాన్సిస్ పోపు, 2018 ఆగస్టులో. ఇంటివాళ్ల మధ్య జరుగుతున్న తగాదాని బయటివాళ్లు భక్తి సినిమా అనుకున్నారు.

ఆ తగాదాలో రాబిన్స్ ఎవరి వైపో అంత్యక్రియల దగ్గర తేలిపోతుంది. పాన్సిలెట్‌ని పాతిపెడుతుంటే దూరంగా డెలక్రా నిలబడి ఉంటాడు. పెళ్లి చెడింది, కొడుకు పోయాడు, హంతకుడి చావు కళ్లారా చూశాడు, వాడి క్షమాపణ చెవులారా విన్నాడు. అయినా ద్వేషం అలాగే ఉందని ఆయనే చెబుతాడు. నీకున్న విశ్వాసం నాకు లేదమ్మా అంటాడు. ఇది విశ్వాసం కాదు, అంత తేలిక కూడా కాదు, ఇది పని అంటుంది ఆవిడ. ఈ సినిమా విశ్వాసం గురించి అన్న మాటంతా ఇదే. కృప కురవడం గురించి పేజీలు నింపినవాళ్లు ఈ ఒక్క సమాధానం దగ్గర ఆగలేదు. మరణశిక్ష ఆ తండ్రికి ఏమిచ్చింది అన్న ప్రశ్నకి కూడా జవాబు అక్కడే ఉంది. ఏమీ ఇవ్వలేదు. చివర్లో ఆయన చర్చిలో సిస్టర్ పక్కన మోకరిల్లి ఉంటాడు, ఇంకా పని మీదే ఉన్నాడు.

సినిమాలో నిజమైన లోటు ఒకటుంది. సమతూకం వాదులు దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే వాళ్లకది లోటుగా కనిపించలేదు. జాతి. జార్జియా కేసుల్ని లెక్కగట్టిన ఒక అధ్యయనం, చనిపోయినవాళ్లు తెల్లవాళ్లయితే చంపినవాడికి మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని తేల్చింది. దాన్ని ముందు పెట్టుకుని కూడా అమెరికా సుప్రీంకోర్టు 1987లో మక్‌లెస్కీ కేసులో ఏమీ చేయలేమంది. ఈ సంగతి రాబిన్స్‌కి తెలియకుండా ఉండదు. అంగోలా జైలు నిలబడింది ఒకప్పటి బానిసల తోట మీద. సినిమాలో నల్లవాళ్లు సిస్టర్ వాడలో ఉంటారు, తెల్ల జాత్యహంకారి కోసం మమ్మల్ని వదిలేసిందని నొచ్చుకుంటారు, అంతకుమించి కథలోకి రారు. అయితే ఖైదీని నల్లవాడిగా, నిర్దోషిగా పెట్టాల్సిందనే సలహాతో నేను ఏకీభవించను. అలా పెడితే వాదన మళ్లీ తేలికైన దారిలో పడుతుంది, నిర్దోషి కాబట్టి వద్దు అని. పాన్సిలెట్‌ని అలాగే ఉంచి, ఆ బోర్డు ముందు లాయరు డబ్బు గురించి అన్న నాలుగు మాటల పక్కన రంగు గురించి ఇంకో నాలుగు మాటలు అనిపించినా సరిపోయేది.

విశ్వాసం వల్ల సినిమా మెత్తబడిందనేవాళ్లకి ఇంకొక్కటి చూపించాలి. చివరి రోజు సిస్టర్ ఖైదీకి ఒక కీర్తన టేపు వినిపిస్తానని అడుగుతుంది. జైలు ఒప్పుకోదు. సంగీతం ఉద్వేగాలు రేపుతుందట. ఆవిడే పాడుతుంది, ఆ కీచు గొంతుతో. ప్రార్థన ఫర్వాలేదు, పాస్టరు ఫర్వాలేదు, ఆఖరి భోజనం ఫర్వాలేదు. ఖైదీని నిశ్శబ్దంగా బల్ల ఎక్కించేంత మేరకే జైలుకి విశ్వాసం కావాలి, అంతకు మించితే అది భద్రతకి సమస్య. అదే సినిమాలో రాక్ గాయకుడు ఎడీ వెడర్ గొంతుతో కలిసి నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు లేస్తుంది, లూసియానా చిత్తడి నేలల్లో ఖవ్వాలీ. అలంకారం కోసం పెట్టాడని కొందరి అనుమానం. నాకైతే రాబిన్స్ ఆ గొంతుని జైలు రూలు పుస్తకానికి జవాబుగా పెట్టాడనిపిస్తుంది.

లూసియానా 2010 తర్వాత పదిహేనేళ్లు ఎవర్నీ చంపలేదు. చాలామంది అక్కడ ఆ శిక్ష దానంతటదే చచ్చిపోయిందనుకున్నారు. 2025 ఫిబ్రవరిలో గవర్నరు, బాధితులకి ఇచ్చిన మాట ఇన్నాళ్లూ నిలబెట్టుకోలేదనీ ఇప్పుడు నిలబెట్టుకుంటామనీ ప్రకటించాడు. డెలక్రా దుఃఖాన్ని మళ్లీ వకాల్తాగా వాడుకున్నారు. మార్చి 18న ఒక ఖైదీకి మాస్కు తొడిగి నైట్రోజన్ పట్టించి చంపారు. ఆ ఖైదీ బౌద్ధుడు. చనిపోయే వేళ శ్వాస మీద ధ్యానం చేయడం తన మతంలో భాగమనీ, నైట్రోజన్ ఆ శ్వాసకే అడ్డమనీ కోర్టుకి వెళ్లాడు. ఆ మతానికి ఎలాంటి ఊపిరి అవసరమో కింది కోర్టు తనే తేల్చేసింది, పీల్చేది గాలైనా నైట్రోజనైనా తేడా లేదంది. సుప్రీంకోర్టు 5–4తో జోక్యం చేసుకోనంది. ఒక మనిషి విశ్వాసానికి ఏం కావాలో జడ్జి సొంతంగా ఎలా తేలుస్తాడని అసమ్మతి రాసిన జడ్జి నీల్ గోర్సచ్, ఉదారవాది అన్న పేరున్నవాడు కాదు, ట్రంప్ నియమించినవాడు.